మూడో భాషలో ఆదివాసి: క్రెమొనీ అపాచీలు, న్యూబోల్డ్ చెంచులు

వ్యాస సంగ్రహం: అమెరికా నైరుతి సరిహద్దులో సైన్యానికి దుబాసీగా పనిచేసిన జాన్ సి. క్రెమొనీ అపాచీల గురించి రాసిన గ్రంథాన్నీ, మద్రాసు సైన్యంలో దుబాసీగా పనిచేసిన టి.జె. న్యూబోల్డ్ నల్లమల చెంచుల గురించి రాసిన వ్యాసాన్నీ ఈ పత్రం పక్కపక్కన పెట్టి చదువుతుంది. ఇద్దరూ తాము వర్ణించిన జనం సొంత భాష ద్వారా కాక, అంతకుముందటి పాలకుల భాష ద్వారా ఆ పనిలో అడుగుపెట్టినవారే. ఆ ‘మూడో భాష’ ఏం మోసుకొచ్చింది, ఏం మోయలేకపోయింది అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: దుబాసీ, అపాచీలు, చెంచులు, క్రెమొనీ, న్యూబోల్డ్, హైమన్‌డార్ఫ్, వలస మానవశాస్త్రం.

1. ప్రవేశిక

‘లైఫ్ అమంగ్ ద అపాచీస్’ 1868లో శాన్ ఫ్రాన్సిస్కోలో అచ్చయింది. ముఖపత్రం మీద రచయిత తన పేరు కింద రెండు హోదాలు చెప్పుకొన్నాడు. ఒకటి, జాన్ ఆర్. బార్ట్‌లెట్ నాయకత్వంలోని సరిహద్దు కమిషన్‌కు దుబాసీ. రెండోది, కాలిఫోర్నియా స్వచ్ఛంద అశ్వికదళంలో మేజర్. మాట మార్చేవాడూ తుపాకి పట్టినవాడూ ఒకడే అన్న సంగతి పుస్తకం తెరవకముందే పాఠకుడికి తెలుస్తుంది. పుస్తకంలోని గొప్పతనమూ లోపమూ రెండూ ఆ జంట హోదా నుంచే పుట్టాయి.

తెలుగు పరిశోధకుడికి ఈ పుస్తకంతో ఏం పని అని అడగవచ్చు. ఆదివాసుల మీద వెలువడే మన సిద్ధాంత వ్యాసాల్లో మొదటి అధ్యాయం సాధారణంగా థర్‌స్టన్ 1909 నాటి సంపుటాలతో మొదలవుతుంది. థర్‌స్టన్ వెనుక న్యూబోల్డ్ వంటి సైనికాధికారులున్నారు. వారి మాట ఉల్లేఖనం నుంచి ఉల్లేఖనానికి పాకి, చివరికి ఎవరు ఎవరిని ఏ భాషలో అడిగితే వచ్చిన జవాబో తెలియని ‘సమాచారం’గా స్థిరపడుతుంది. క్రెమొనీ గ్రంథంలో ఆ అడగడమూ చెప్పడమూ ఇంకా చెరిగిపోలేదు. అక్కడ దాన్ని చూసి వస్తే, న్యూబోల్డ్ రాతలో చెరిగిపోయిన చోటు ఎక్కడుందో పోల్చుకోవడం తేలికవుతుంది.

2. రాగి గనుల వద్ద జరిగిన వాదం

1848 నాటి గ్వాడలూప్ హిడాల్గో సంధితో అమెరికా, మెక్సికోల నడుమ కొత్త సరిహద్దు ఏర్పడింది. దాన్ని కొలిచే కమిషన్ 1851లో సాంటా రీటా డెల్ కోబ్రే అనే రాగి గనుల వద్ద విడిది చేసింది. ఆ నేల మంగస్ కొలరాడస్ నాయకత్వంలోని అపాచీలది. ఒకనాడు అపాచీల వద్ద బందీలుగా ఉన్న ఇద్దరు మెక్సికన్ బాలురు క్రెమొనీ గుడారంలోకి వచ్చి శరణు కోరారు. బార్ట్‌లెట్ వారిని తన రక్షణలోకి తీసుకుని మెక్సికో కమిషనర్ గార్సియా కొండేకు అప్పగించాడు. సంధి షరతుల ప్రకారం బందీలను విడిపించి పంపడం అమెరికా బాధ్యత.

ఆ తర్వాత అపాచీ నాయకులు వచ్చి వాదించిన తీరు మొత్తం పుస్తకంలోకెల్లా బలమైన భాగం. మీరు మా నేల మీదికి వచ్చారు, మిమ్మల్ని ఆదరించాం, మీ పశువులు మా మధ్య క్షేమంగా తిరిగాయి, మీ మనుషులు ఒంటరిగా వెళ్లినా క్షేమంగా తిరిగి వచ్చారు, మరి మా బందీలను మా నుంచి ఎందుకు తీసుకున్నారు అన్నది వారి ప్రశ్నలోని సారం. మెక్సికోతో మీ ఒప్పందం మీకూ వారికీ మధ్యది, అందులో మా మాట ఎక్కడుంది అన్న తర్కం ఆ ప్రశ్న లోపల ఉంది. బార్ట్‌లెట్ పరిహారం ఇస్తానన్నాడు. పిల్లవాడిని పెంచుకున్నవాడికి అమ్మే ఉద్దేశం లేదనీ, ఏళ్ల తరబడి పెంచి ప్రేమించిన బిడ్డకు డబ్బు బదులు కాదనీ జవాబు వచ్చింది. చివరికి సరుకుల రూపంలో పరిహారం చెల్లించడంతో వివాదం ముగిసింది. బార్ట్‌లెట్ కూడా ఇదే ఘట్టాన్ని 1854లో ప్రచురించిన తన యాత్రాకథనంలో నమోదు చేశాడు. అందుచేత దీన్ని క్రెమొనీ కల్పనగా తోసిపుచ్చడానికి వీల్లేదు.

అయితే ఈ వాదం ఏ భాషలో జరిగింది? స్పానిష్‌లో. కమిషన్‌లో క్రెమొనీ కొలువు స్పానిష్ దుబాసీగానే. మూడు శతాబ్దాలుగా స్పెయిన్‌తోనూ, తర్వాత మెక్సికోతోనూ పోరాడుతూ, సంధి చేసుకుంటూ, వర్తకం నడుపుతూ వచ్చిన అపాచీలకు ఆ భాష అవసరం మేరకు వచ్చు. నాయకుల పేర్లే సాక్ష్యం. మంగస్ కొలరాడస్ అంటే స్పానిష్‌లో ఎర్రని చొక్కాచేతులు. డెల్గడిటో, పోన్స్, కడేటే కూడా ఆ భాష ఇచ్చిన పేర్లే. ‘అపాచీ’ అన్నది సైతం ఇతరులు పెట్టిన పేరు. శత్రువు అనే అర్థంలోని జూనీ మాట స్పానిష్ ద్వారా స్థిరపడిందని సాధారణంగా చెబుతారు.

బందీ, పరిహారం, విడుదల అన్న మాటలకు ఆ సరిహద్దు స్పానిష్‌లో పాత లెక్క ఒకటుంది. ‘రెస్కాటే’ అనే మాట బందీని సొమ్మిచ్చి విడిపించడానికీ, ఆ సందర్భంలో సాగే వర్తకానికీ కలిపి వాడేవారు. ఆ మాట నోట పలకగానే పిల్లవాడు సరుకుగా మారతాడు. అపాచీ కుటుంబంలో చేరి పెరిగిన పిల్లవాడిని ఏమనాలో ఆ భాషలో మాట దొరకదు. నాయకులు డబ్బు బదులు కాదని చెప్పవలసి రావడానికి కారణం ఇదే. వారు ఆ భాషలో మాట్లాడుతూనే ఆ భాషతో తగవు పడుతున్నారు. క్రెమొనీ దీన్ని గమనించినట్లు కనబడదు. కానీ వారి జవాబును దాచకుండా పొందుపరచడం వల్ల పాఠకుడు గమనించగలుగుతున్నాడు.

ఇంకో ఘటన కొద్దికాలానికే జరిగింది. కమిషన్ కొలువులోని ఒక మెక్సికన్ బండివాడు తగాదాలో ఒక అపాచీని కాల్చాడు. గాయపడినవాడు కొన్ని వారాల తర్వాత చనిపోయాడు. హంతకుడిని తమ కళ్ల ముందు ఉరితీయాలని అపాచీలు పట్టుబట్టారు. దూరాన ఉన్న న్యాయస్థానానికి పంపుతామనీ, అతని జీతం డబ్బు చనిపోయినవాడి తల్లికి ఇస్తామనీ బార్ట్‌లెట్ అన్నాడు. తల్లి కోరింది డబ్బు కాదు. బందీల విషయంలో సొమ్ముతో తీరిన లెక్క ఇక్కడ తీరలేదు. అక్కడి నుంచి కమిషన్ పశువులు మాయం కావడం మొదలైంది. ఈ రెండు ఘటనలను వరుసగా చదివిన పాఠకుడికి పశువుల అపహరణ ఒక తెగ స్వభావంగా కాక, తెగిపోయిన మాట తర్వాత వచ్చిన చర్యగా అర్థమవుతుంది. విచిత్రమేమంటే, ఈ క్రమాన్ని తానే చెప్పిన క్రెమొనీ మరికొన్ని పుటల తర్వాత అపాచీని పుట్టుకతోనే కపటిగా, దొంగగా సూత్రీకరిస్తాడు. ఒకే పుస్తకంలో సాక్షి ఒకటి చెబితే, తీర్పరి మరొకటి చెబుతున్నాడు.

3. పదకోశం, నిర్బంధ శిబిరం

1862లో క్రెమొనీ సైనికాధికారిగా అదే నేలకు తిరిగి వచ్చాడు. ఆ ఏడాది జూలైలో జరిగిన అపాచీ కనుమ యుద్ధంలో ఫిరంగి గుండ్లకు 63 మంది, తుపాకులకు ముగ్గురే చనిపోయారని ఒక అపాచీ ప్రముఖుడు తనకు తర్వాత చెప్పినట్లు రాశాడు. ఈ అంకెను చరిత్రకారులు అనుమానంతోనే చూశారు. మంగస్ కొలరాడస్ జీవితచరిత్ర రాసిన ఎడ్విన్ స్వీనీ వంటివారు క్రెమొనీ అతిశయోక్తులను ఎత్తిచూపారు. తన సాహసాల విషయంలో అతనికి నిగ్రహం తక్కువన్నది పుస్తకం చదివిన ఎవరికైనా తోచే సంగతే.

అతడు అపాచీ భాష నేర్చుకున్నది బోస్కే రెడోండో శిబిరంలో. జనరల్ కార్ల్‌టన్ మెస్కలేరో అపాచీలను 1863లో అక్కడికి చేర్చాడు. తర్వాత వేలాది నవాహోలను కూడా నడిపించి తెచ్చి అదే చోట ఉంచారు. అక్కడే క్రెమొనీ పదకోశం, వ్యాకరణం తయారుచేసినట్లు చెప్పుకొన్నాడు. భాషాశాస్త్రం దృష్ట్యా అది విలువైన పనే. కానీ ఆ పాఠశాల ఎలాంటిదో మరచిపోకూడదు. చెప్పేవాడు వెళ్లిపోలేడు, అడిగేవాడు కాపలా దళంలోనివాడు. మెస్కలేరోలు 1865 నవంబరులో ఒక రాత్రి శిబిరం విడిచి వెళ్లిపోయారు. వారు ఉండగా సేకరించిన మాటలు అంతకుముందే కాగితం మీదికి ఎక్కాయి.

ఈ నేపథ్యంలో మెస్కలేరో నాయకుడు కడేటేతో జరిగిన సంభాషణను చదవాలి. పిల్లలకు చదువు నేర్పమని క్రెమొనీ హితవు చెప్పాడు. చిన్ననాటి నుంచీ కష్టపడి చదివి, పెద్ద ఇళ్లూ ఓడలూ కట్టి, చివరికి అన్నీ వదిలి చనిపోయే మీరే బానిసలు, మేము స్వేచ్ఛగా ఉన్నాం అన్న ధోరణిలో కడేటే జవాబిచ్చాడని రచన చెబుతోంది. తర్వాతి కాలంలో తరచుగా ఉదహరించిన భాగమిది. ఇందులో అనుమానించవలసింది ఉంది. నాగరికత బానిసత్వం, అడవి స్వేచ్ఛ అన్న ద్వంద్వం అప్పటికే యూరపు సాహిత్యంలో నలిగిన పాట. జవాబు మరీ గుండ్రంగా, ఉపన్యాసంలా ఉంది. అయినా పూర్తిగా కొట్టివేయడం తగదు. కంచె లోపల ఉన్న మనిషి తన కాపలాదారుతో ‘మేము స్వేచ్ఛగా ఉన్నాం’ అనడంలోని వ్యంగ్యం యూరపు ద్వంద్వంలో లేదు. ఆ వ్యంగ్యాన్ని అందుకుని ఉంటే క్రెమొనీ దాన్ని ఇంత నిశ్చింతగా అచ్చువేసేవాడు కాడు. అందుకని ఆ మాటల్లో కొంతైనా కడేటేవే అనుకోవడానికి ఆధారముంది.

4. నల్లమల అంచున మరో దుబాసీ

థామస్ జాన్ న్యూబోల్డ్ 1828లో మద్రాసు పదాతిదళంలో చేరాడు. 1830లో హిందుస్థానీ, 1831లో పారసీ పరీక్షలు నెగ్గాడు. 1830 నుంచి 1835 వరకు తన పటాలానికి క్వార్టర్‌మాస్టర్‌గా, దుబాసీగా పనిచేశాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి కుంఫిణీ ఆ సంస్థానాన్ని కలుపుకొన్న తర్వాత అక్కడ అసిస్టెంటు కమిషనర్ అయ్యాడు. నల్లమల చెంచుల మీద అతని వ్యాసం 1846లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది.

అతని పరీక్షల జాబితాలో తెలుగు కనబడదు. హిందుస్థానీ సిపాయిల భాష, పారసీ నవాబుల దఫ్తరు భాష. క్రెమొనీకి స్పానిష్ ఎలాంటిదో న్యూబోల్డ్‌కు ఇవి అలాంటివి. ఓడిన పాత ప్రభువుల నుంచి గెలిచిన కొత్త ప్రభువులకు సంక్రమించిన భాషలు. ‘దుబాసీ’ అన్న మాట ‘ద్విభాషి’ నుంచి వచ్చింది. పేరులో రెండు భాషలే ఉన్నా, సరిహద్దు మీద పని ఎప్పుడూ మూడు భాషల మధ్యనే నడిచింది. మూడోదాని సంగతి పేరులో చేరలేదు.

వ్యాసం శీర్షికలో న్యూబోల్డ్ ఆ జనాన్ని ‘చెంచ్‌వార్’ అన్నాడు. ఈ రూపం ఆసక్తికరం. ‘చెంచువారు’ అన్న తెలుగు బహువచనాన్ని అతడు తెగ పేరుగా పట్టుకున్నాడు. చెంచులు తమను తాము చెప్పుకొనే రూపం కాదిది. మైదానపు ఊరివారు వారిని చూపించి చెప్పే రూపం. అంటే మొదటి మాటే అడవి అంచున నిలబడ్డ మూడో మనిషి నోటి నుంచి వచ్చింది. దేహలక్షణాలు, నివాసాలు, ఆహారం, ఆయుధాలు, అంత్యక్రియలు అన్న శీర్షికల కింద సర్దడానికి అనువైన సమాచారం తర్వాత వస్తుంది. రాగి గనుల వద్ద జరిగిన వాదం లాంటిది ఇక్కడ లేదు. ఎదురుప్రశ్న వేసే మంగస్ కొలరాడస్ వంటి పాత్ర లేదు. వర్ణన శాంతంగా, శాస్త్రీయంగా ఉంది. ఆ శాంతమే దాని లోటు.

చెంచుల భాష తెలుగేననీ, ఉచ్చారణ మాత్రం మోటుగా ఉంటుందనీ న్యూబోల్డ్ తేల్చాడు. తర్వాతివారు దాన్ని అలాగే ఎత్తి రాశారు. భాష ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటి కాదనడానికి ‘పెంట’ అన్న ఒక్క మాట చాలు. మైదానపు తెలుగులో అది పేడకుప్ప, చెత్త. చెంచులకు అది వారి ఊరు. అమ్రాబాదు పీఠభూమి మీది ఆవాసాలను నేటికీ పెంటలనే పిలుస్తారు. ఉచ్చారణ మోటుదనం విన్న చెవికి ఈ తేడా వినబడాలంటే ఆ మాట చుట్టూ కొంతకాలం కూర్చోవాలి.

ఇది అడవికే పరిమితమైన విషయం కాదు. సిద్దిపేట జిల్లా దుబ్బాక నేతకారుల ఊరు. చీర ధర కనుక్కోవడానికి సరిపోయే భాషతో అక్కడికి వెళ్లినవాడికి ధరే దొరుకుతుంది. పడుగు, పేక, కండె, నాడె, అచ్చు, ఆసు అన్న మాటలు మగ్గం దగ్గర కూర్చున్నవాడికి గానీ దొరకవు. వాటిలో ఏది ఇంట్లో ఆడవాళ్ల పని, ఏది మగవాళ్ల పని అన్నది ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. వచ్చినవాడు చెడ్డవాడు కానక్కరలేదు, అతడు తెచ్చుకున్న భాష బజారుది అయితే చాలు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. చెంచులను వారి నోట కాక మరొకరి అవసరం మేరకు చూపించడం తెల్లవారు తెచ్చిన అలవాటు కాదు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి భాగంలో మన్నెపు జనం రాజు మచ్చిక చేసుకోవలసినవారుగా కనిపిస్తారు. ఓబయమంత్రి గరుడాచల యక్షగానంలో చెంచిత నరసింహస్వామి వలచిన నాయిక. ఒకచోట రాజ్యావసరం, మరోచోట శృంగారం. క్రెమొనీ పుస్తకం కూడా చివరికి అపాచీలను ఎలా లొంగదీయాలన్న సలహాలోకే దిగుతుంది. రాజనీతి ప్రకరణంతో దాన్ని కలిపి చదివితే ఖండాలూ శతాబ్దాలూ వేరైనా ప్రశ్న ఒకటేనని తెలుస్తుంది. తెలుగు సాహిత్యానికి ఒక్క మేలు మాత్రం దక్కింది. అహోబిలం కథలో దేవుడు చెంచుల అల్లుడు. న్యూబోల్డ్ శీర్షికల్లో బంధుత్వానికి చోటులేదు.

5. పేరు దక్కిన దుబాసీలు, దక్కని దుబాసీలు

క్రెమొనీకి తన పేరుతో పుస్తకం రాసే వీలు దొరికింది. సైన్యంతో కలిసి తిరిగిన తెలుగు దుబాసీల స్థితి వేరు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య 1790ల నుంచి 1803లో చనిపోయేవరకు కాలిన్ మెకంజీకి దుబాసీ. శ్రీరంగపట్నం పతనం తర్వాత సాగిన మైసూరు సర్వేలో గ్రామగ్రామాన కైఫీయతులు, శాసనాలు సేకరించే పద్ధతికి రూపం ఇచ్చినవారిలో అతడు ముఖ్యుడు. ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో జైనుల మీద వచ్చిన వ్యాసం శీర్షికలో అతని పేరు కనిపిస్తుంది, మెకంజీ కోసం అనువదించిన బ్రాహ్మణుడిగా. ఆ మాత్రం గుర్తింపు కూడా అరుదైనదే. అతని తమ్ముడు లక్ష్మయ్య, మెకంజీ మరణించాక ఆ పనిని తాను కొనసాగిస్తానని 1830లలో ముందుకు వచ్చాడు. దేశీయుడికి అంత సామర్థ్యం ఉండదన్న కారణంతో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. సేకరణ పద్ధతిని రూపొందించినవారినే ఆ పద్ధతికి అనర్హులుగా నిర్ణయించడం ఇది. ఫిలిప్ వాగనర్, రమాసుందరి మంతెన వంటి పరిశోధకులు ఈ సోదరుల పాత్రను తిరిగి వెలికితీశారు.

అయితే కావలి సోదరులను ఆదివాసి పక్షాన నిలబెట్టడం తొందరపాటు. వారు నియోగి కుటుంబీకులు, రాజాస్థానాల లెక్కలు, దస్తావేజులు తెలిసినవారు. వారు అడిగింది కరణాలను, మఠాధిపతులను. రాసిపెట్టుకున్నవారి చరిత్రే వారి పద్ధతికి లొంగింది.

6. హైమన్‌డార్ఫ్, ఆ తర్వాత

న్యూబోల్డ్‌కు సుమారు వందేళ్ల తర్వాత చెంచుల దగ్గరకు వచ్చిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ దుబాసీ కాడు, సైనికుడూ కాడు. ఆస్ట్రియా దేశస్థుడైనా చేతిలో జర్మను పాస్‌పోర్టు ఉన్నందున రెండో ప్రపంచయుద్ధం మొదలుకాగానే శత్రుదేశీయుడయ్యాడు. అతన్ని హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటకుండా కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే అమ్రాబాదు చెంచుల మీది గ్రంథం తయారై 1943లో వెలువడింది. రాజ్‌గోండుల మీది గ్రంథం 1948లో వచ్చింది. తానే బందీ వంటివాడు కావడం అతని చూపుకు ఓపిక నేర్పిందనుకోవచ్చు. అతడు ఒక చోట కూర్చున్నాడు, గోండీ నేర్చుకున్నాడు. 1940లో జోడెఘాట్ వద్ద కొమురం భీం పోలీసు కాల్పుల్లో మరణించాక, ఆదిలాబాదు గోండుల అసంతృప్తికి కారణాలు వెతికే పని నిజాం ప్రభుత్వం అతనికి అప్పగించింది. భూమి పోవడం, రక్షిత అడవుల హద్దులు, చిన్న ఉద్యోగుల లంచాలు అని అతడు రాశాడు. క్రెమొనీలా స్వభావాన్ని నిందించలేదు, న్యూబోల్డ్‌లా దేహాన్ని కొలిచి ఊరుకోలేదు. అల్లం రాజయ్య, సాహు 1983లో ‘కొమురం భీం’ నవల రాసేటప్పుడు గోండుల నోటి సాక్ష్యాల మీద ఆధారపడ్డారు. ఆ నవలకూ హైమన్‌డార్ఫ్ నివేదికలకూ మధ్య కారణాల విషయంలో పెద్ద తగవు లేదు. తేడా ఎక్కడంటే, నివేదికలో గోండు ఫిర్యాదుదారు, నవలలో నాయకుడు.

అపాచీల వైపు కూడా దుబాసీ మారాడు. 1906లో జెరోనిమో ఆత్మకథ వెలువడే నాటికి అతడు ఫోర్ట్ సిల్‌లో యుద్ధఖైదీ. ఎస్.ఎం. బారెట్ ఆ కథను రాసుకోవడానికి అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. జెరోనిమో అపాచీలో చెప్పాడు. ఆంగ్లంలోకి మార్చినవాడు ఆసా డక్లుగీ, అపాచీ నాయకుడు జూ కుమారుడు. మూడో భాష తప్పుకుంది. చెబుతుండగా మధ్యలో ప్రశ్నలడగడాన్ని జెరోనిమో ఒప్పుకోలేదు. తాను చెప్పింది రాయమన్నాడు, గుర్తుపెట్టుకోవడం విన్నవారి పని అన్నాడు. క్రెమొనీ, న్యూబోల్డ్ ఇద్దరి పద్ధతికీ ప్రశ్నావళే పునాది. ఇక్కడ ఆ పునాదికే అనుమతి దొరకలేదు.

ఆదిలాబాదులో దుబాసీ లేకుండా పోయిన సందర్భం ఇంకా విచిత్రంగా జరిగింది. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ప్రోద్బలంతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఆదివాసుల భాషలో బడి నడపడం ఆ కాలానికి సాహసమే. ఆ వాచకాల లిపి మాత్రం దేవనాగరి. గోండీకి లిపి లేదన్నది అప్పటి అందరి నమ్మకం. 2006 ప్రాంతంలో నార్నూరు మండలం గుంజాలలో గోండుల ఇళ్లలో వేరే లిపిలో రాసిన ప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు, హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని అధ్యయనం చేశారు. కొన్ని ప్రతులు 1750 ప్రాంతానివని అంచనా. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. గుంజాల, మార్లవాయి పక్కపక్క మండలాల ఊళ్లు. దేవనాగరి అక్షరాలు దిద్దిస్తున్న ఏళ్లలో ఆ కట్టలు గుంజాల ఇళ్లలోనే ఉన్నాయి, వాటిని చదవగలిగిన పెద్దలూ ఉన్నారు.